ఎన్‌ఎస్ 200కి మామూలు పెట్రోల్ చాలా, 95 ఆక్టేన్ కొట్టించాలా? ఘాట్‌లో ఇంజిన్ టకటక కొడుతోంది

మార్కాపురం_200 | 2025 సెప్టెంబర్ 14, ఉదయం 7:40

పల్సర్ ఎన్‌ఎస్ 200, బిఎస్6, 2021 మోడల్. 38 వేలు తిరిగింది. ఇంజిన్, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ కంపెనీవే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు వెనక మనిషి ఉంటే నాలుగో గేర్‌లో 3500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ బాగా తిప్పగానే ఇంజిన్ పైనుంచి టకటకమని సన్నటి శబ్దం వస్తోంది. ఊళ్ళో తిరిగేటప్పుడు రావట్లేదు. మామూలు పెట్రోలే వాడుతున్నా. మెకానిక్ 95 ఆక్టేన్ పెట్రోల్ కొట్టించమంటున్నాడు, ఇంకొకరు 100 అంటున్నారు. మాన్యువల్‌లో అన్‌లెడెడ్ పెట్రోల్ అని తప్ప నాకు ఇంకేం అర్థం కాలేదు. ఏ ఆక్టేన్ వాడాలి, ఎందుకో కూడా చెప్పగలరు.

---

నల్లగొండ_బుల్లెట్ | ఉదయం 8:05

అన్నా, 95 కొట్టించి చూడు. సౌండ్ పోతే గదే మందు. లీటర్‌కు ఎనిమిది తొమ్మిది రూపాయలు ఎక్కువైతది, గంతే.

---

వాల్వ్_క్లియరెన్స్ | ఉదయం 9:22

95 కొట్టిస్తే శబ్దం తగ్గచ్చు. అయితే 38 వేలు మామూలు పెట్రోల్ మీదే నడిచిన బండి ఇప్పుడు కొత్తగా కొట్టుకుంటోందంటే, పెట్రోల్ కంటే ముందు ఇంజిన్‌లో ఏం మారిందో చూడాలి. ఎక్కువ ఆక్టేన్ ఆ లోపాన్ని కప్పేస్తుంది. లోపం లోపలే ఉండిపోతుంది.

అన్నిటికంటే ముందు అది నాకింగేనా (మంట చేరకముందే పెట్రోల్ తనంతట తాను అంటుకుని కొట్టుకోవడం) అన్నది తేల్చుకోండి. మూడు శబ్దాలను కలిపేసి చెప్పడం చాలా మందికి అలవాటు.

టాపెట్ (వాల్వులను తెరిచే భాగం) సౌండ్ ఐడిల్‌లో కూడా వినిపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఎక్కువ. యాక్సిలరేటర్‌తో పాటే వేగం పెరుగుతుంది, లోడ్ ఉన్నా లేకపోయినా ఉంటుంది.

టైమింగ్ చెయిన్ (వాల్వులను వేళకు తెరిపించే గొలుసు) సాగినా, టెన్షనర్ పోయినా వచ్చేది గరగర. యాక్సిలరేటర్ వదిలి ఇంజిన్ బ్రేకింగ్‌లో దిగుతున్నప్పుడు కూడా వస్తుంది.

నాకింగ్ మాత్రం లోడ్ మీదే వస్తుంది. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ పావు వంతు వెనక్కి తిప్పినా, ఒక గేర్ తగ్గించినా ఆ క్షణమే ఆగిపోతుంది. ఈసారి ఘాట్‌లో శబ్దం రాగానే మూడో గేర్‌లోకి దిగి 5500–6000 మీద ఎక్కించండి. మాయమైతే నాకింగే. ఆ ఇంజిన్ పూర్తి టార్క్ ఇచ్చేది 8000 దగ్గర. ఇద్దరితో, ఎక్కుడు మీద, 3500లో నాలుగో గేర్ అంటే ఇంజిన్‌ని ఈడ్చడమే.

నాకింగే అని తేలితే ఈ వరసలో చూడండి, పైనుంచి కిందికి ఖర్చు పెరుగుతూ పోతుంది:

1. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రిజర్వ్ డబ్బాలో మట్టం కింది గీతకూ పై గీతకూ మధ్య ఉందా? రేడియేటర్ ఫిన్స్‌లో మట్టి, పురుగులు పేరుకున్నాయా? ఫ్యాన్ తిరుగుతోందా?
2. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చుందా? థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య రబ్బరు పగిలిందా? అక్కడ గాలి లీకైతే మిక్చర్‌లో (గాలీ పెట్రోలూ కలిసినది) పెట్రోల్ పాలు తగ్గి, అంటే పల్చనై వేడి పెరుగుతుంది.
3. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టి ఫొటో తీయండి. ఈ బండికి మూడు ఉన్నాయి. చాలా చోట్ల సర్వీసింగ్‌లో మెయిన్ ప్లగ్ మార్చి పక్క రెండింటి జోలికి పోరు.
4. అవన్నీ బాగుంటే పిస్టన్ తల మీద కార్బన్.

మూడో అంశం మీద నాకు ఎక్కువ అనుమానం.

---

కర్నూలు_రైడర్ | ఉదయం 10:10

మూడు ప్లగ్గుల్లో ఒకటి పనిచేయకపోయినా బండి నడుస్తుంది కదా? దానికీ నాకింగ్‌కీ ఏంటి సంబంధం?

---

వాల్వ్_క్లియరెన్స్ | ఉదయం 10:48

నడుస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. నాకింగ్ ఎలా పుడుతుందో చూస్తే సంబంధం అర్థమవుతుంది.

స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ గోడ వైపు పాకుతుంది. ఆ పాకే వ్యవధిలో మూలల్లో ఇంకా కాలని మిక్చర్ మీద ఒత్తిడీ వేడీ పెరుగుతూ ఉంటాయి. మంట చేరేలోపే ఆ మిక్చర్ తనంతట తాను అంటుకుంటే అదే నాకింగ్. ఆ పేలుడు అల గోడలకు కొట్టుకున్న శబ్దమే మీకు వినిపించేది. ఆక్టేన్ అంటే పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఆగే ఓర్పు, అంతే. పెట్రోల్‌లో ఎంత శక్తి ఉందో దానికీ ఆక్టేన్‌కీ సంబంధం లేదు.

మూడు చోట్ల నుంచి మంట మొదలైతే ప్రతి మంటా పాకాల్సిన దూరం తక్కువ. మూలలో ఉన్న మిక్చర్‌కు తనంతట తాను అంటుకునే వ్యవధి దొరకదు. ఆ బండికి 11:1 కంప్రెషన్ (పిస్టన్ మిక్చర్‌ను పదకొండో వంతుకు నొక్కడం) పెట్టి కూడా మామూలు పెట్రోల్‌తో నెట్టుకురాగలగడంలో ఆ ప్లగ్గుల పాత్ర పెద్దది. ఒక పక్క ప్లగ్ చచ్చిపోతే ఆ పక్క మిక్చర్ ఎక్కువ సేపు ఎదురుచూడాలి. తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. 3500లోనే వచ్చి 6000లో రాకపోవడానికి అదీ ఒక కారణం.

ఈ బండికి నాక్ సెన్సార్ లేదు, మన దగ్గర తిరిగే 100–200 సిసి బండ్లలో సాధారణంగా ఉండదు. కాబట్టి నాకింగ్ వస్తోందని ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తెలిసి టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, వెనక్కి తగ్గించుకోవడం జరగదు. 100 ఆక్టేన్ పోశారు కదా అని టైమింగ్ ముందుకు జరపడమూ జరగదు. అందుకే ఇలాంటి బండిలో అవసరానికి మించిన ఆక్టేన్‌తో పవర్ పెరగదు.

---

పిస్టన్_రింగ్ | ఉదయం 11:30

బంకుల్లో దొరికే నంబర్ల గురించి కూడా ఒకసారి రాస్తాను, ఎందుకంటే పేర్లు చూసి కొనేవాళ్ళే ఎక్కువ.

మన బంకుల్లో రాసే సంఖ్య రాన్, అంటే రీసెర్చ్ ఆక్టేన్ నంబర్. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని, మన పెట్రోల్ ఏ మిశ్రమంతో సమానంగా నాకింగ్‌ని ఆపుతోందో ప్రత్యేకమైన ఒంటి సిలిండర్ ఇంజిన్‌లో కొలుస్తారు. రాన్ పరీక్ష 600 ఆర్‌పీఎంలో చేస్తారు. మాన్ (మోటార్ ఆక్టేన్ నంబర్) అని ఇంకొకటి ఉంది, దాన్ని 900 ఆర్‌పీఎంలో, లోపలికి వెళ్ళే మిక్చర్‌ను బాగా వేడి చేసి కొలుస్తారు. అందుకే ఒకే పెట్రోల్‌కు మాన్ సంఖ్య రాన్ కంటే ఎనిమిది పది తక్కువ వస్తుంది.

మన ఐఎస్ 2796 ప్రమాణంలో మామూలు రకానికి కనీసం 91, ప్రీమియానికి కనీసం 95. ఆ పైన ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పి100, హెచ్‌పి పవర్ 99, భారత్ పెట్రోలియం స్పీడ్ 97 లాంటివి కొన్ని బంకుల్లోనే దొరుకుతాయి. ఎక్స్‌పి100ని 2020 డిసెంబర్‌లో విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు.

ఇంకో తికమక: పేరు ముందు ఏదో ఉన్నంత మాత్రాన అది 95 కాదు. డిటర్జెంట్ కలిపిన మామూలు ఆక్టేన్ పెట్రోల్ కూడా ప్రత్యేకమైన పేరుతో అమ్మడం మనకు కొత్తేం కాదు. డిటర్జెంట్ ఇంజెక్టర్‌ని శుభ్రంగా ఉంచుతుంది, నాకింగ్‌ని ఆపదు. నాజిల్ దగ్గర సంఖ్య రాసి ఉందో లేదో చూసి కొట్టించండి. సంఖ్య లేకపోతే అడగండి.

---

నల్లగొండ_బుల్లెట్ | మధ్యాహ్నం 12:15

గట్లయితే ఏ బండికి ఎంత కావాలో కంప్రెషన్ రేషియో చూసి చెప్పొచ్చు గదా? 10 దాటితే 95, 12 దాటితే 97 అని ఎక్కడో చదివిన.

---

పిస్టన్_రింగ్ | మధ్యాహ్నం 1:02

ఆ లెక్క కార్ల కాలం నాటిది అన్నా, బైకులకు సరిపోదు. హీరో స్ప్లెండర్‌దే 10 దగ్గర ఉంటుంది, దానికి 95 ఎవరూ పోయరు, అవసరం కూడా లేదు. యమహా ఆర్15 వి4ది 11.6. క్లాసిక్ 350 కొత్త జె సిరీస్‌ది 9.5. డామినార్ 400ది 12. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ది, ఆర్‌ఎక్స్100దీ 6.5 చొప్పున.

ఇక్కడ కంప్రెషన్‌తో పాటు బోర్ (సిలిండర్ వెడల్పు) చూడాలి. ఆర్15 బోర్ 58 మిల్లీమీటర్లే, పైగా లిక్విడ్ కూలింగ్. మంట పాకాల్సిన దూరం చిన్నది, గోడలు చల్లన. కాబట్టి 11.6 ఉన్నా తట్టుకుంటుంది. డామినార్ బోర్ 89 మిల్లీమీటర్లు. అంత వెడల్పులో మూలలకు మంట చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది, అందుకే ఒకేలాంటి కంప్రెషన్ ఉన్నా డామినార్‌కు 95 పోస్తే తేడా వినిపించే అవకాశం ఎక్కువ. క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరిచి మూసే వేళ) ఇంకోటి. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకునే ఇంజిన్‌లో తక్కువ ఆర్‌పీఎంలో నిజంగా పడే ఒత్తిడి కాగితం మీది రేషియో కంటే తక్కువ.

ఇవన్నీ కలిపి లెక్కేసి, బెంచ్ మీద నడిపి చూశాకే కంపెనీ మాన్యువల్‌లో ఒక సంఖ్య రాస్తుంది. కనీసం 91 అని ఉంటే 91 చాలు. 95 అని రాసి ఉంటే అక్కడ పొదుపు చేయొద్దు. సంఖ్య మాన్యువల్‌లో కనిపించకపోతే ట్యాంకు మూత దగ్గరి స్టిక్కర్ చూడండి.

---

ఎడిసన్_తెలుగు | సాయంత్రం 6:20

న్యూజెర్సీలో ఉంటాను. నింజా 400. ఇక్కడ పంపు మీద 87, 89, 93 ఉన్నాయి. ఇండియాలో 91 మామూలు అంటున్నారు, అంటే ఇక్కడి 87 అంతకంటే నాసిరకమా? 93 పోయాలా?

---

పిస్టన్_రింగ్ | సాయంత్రం 6:55

కాదు, కొలబద్ద వేరు. అమెరికాలో పంపు మీద రాసేది రాన్, మాన్‌ల సగటు. అక్కడి 87 మన 91–92తో సమానం. అక్కడి 91 దాదాపు మన 95–96. 93 అంటే 98 దగ్గర. మీ మాన్యువల్ తీసి సంఖ్య పక్కన ఆర్ ప్లస్ ఎమ్ బై 2 అని ఉందా, రాన్ అని ఉందా చూడండి. రాన్ 91 అంటే మీరు 87 కొట్టించుకోవచ్చు. రాన్ 95 అని రాసిన బండ్లకు అక్కడ 91 కావాలి, తూర్పు రాష్ట్రాల్లో 91 లేకపోతే 93.

ఆస్ట్రేలియాలో, దుబాయ్‌లో ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు, అక్కడ 91, 95, 98 అన్నీ రాన్‌లోనే. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు 95లో 10 శాతం ఇథనాల్ ఉంటోంది. అక్కడ పాత కార్బురేటర్ బండి ఉన్నవాళ్ళు సూపర్ పెట్రోల్ కొట్టించేది ఆక్టేన్ కోసం కంటే ఇథనాల్ తక్కువని.

---

కాకినాడ_కార్బ్ | రాత్రి 8:30

ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి చెబుతానండి. మన దగ్గర ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ ఆక్టేన్ 108.5 అని కేంద్ర పెట్రోలియం శాఖ ప్రకటనలోనే ఉంది. ఆ మాట పట్టుకుని మామూలు పెట్రోలే ఇప్పుడు 97 అయిపోయిందనుకోకండి. ఇథనాల్ ఎలాగూ పెంచుతుందని రిఫైనరీలు కలపక ముందు పెట్రోల్‌ని తక్కువ ఆక్టేన్‌తో తయారు చేసుకోవచ్చు. మనకు హామీ ఉన్నది ప్రమాణంలో రాసిన కనీస సంఖ్యకే.

ఇంకోటి, 95 కొట్టిస్తే ఇథనాల్ తప్పినట్టు కాదండి. ఆక్టేన్ సంగతి వేరు, ఇథనాల్ శాతం వేరు.

మైలేజీ లెక్క ఇలా ఉంటుంది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి, లీటరు ఇథనాల్‌లో 21. అంటే ఈ20లో 30 కంటే కొంచెం తక్కువ. అసలు ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే 7 శాతం దాకా, ఈ10తో పోలిస్తే 3–4 శాతం తక్కువ శక్తి. ఈ20కే ట్యూన్ చేసిన ఇంజిన్ కొంత వెనక్కి రాబట్టుకోవచ్చు.

కార్బురేటర్ బండ్లకు అసలు తలనొప్పి మిక్చర్ పల్చనవడం. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రం) నడిపితే ఇంజిన్‌కు మిక్చర్ పల్చగా అనిపిస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ సర్దుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, మనమే సర్దాలి:

మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. నీడిల్ మీద క్లిప్‌ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మధ్య థ్రాటిల్‌లో పెట్రోల్ పెరుగుతుంది. స్లో స్పీడ్ దగ్గర జాగ్రత్త: స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, లోపలికి బిగిస్తే మిక్చర్ చిక్కన. ఇంజిన్ వైపు ఉంటే సాధారణంగా అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే చిక్కన. రెండూ ఒకటే అనుకుని తిప్పి ఇంకా పల్చన చేసేవాళ్ళు చాలా మంది. పావు చుట్టు చొప్పున తిప్పి, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ ఎక్కడ బాగా నిలబడుతోందో అక్కడ వదిలేయండి.

పల్చని మిక్చర్ మీద నడిచే బండి ఎండాకాలంలో నాకింగ్ కొడితే అందరూ పెట్రోల్‌నే తిడతారు. మెయిన్ జెట్ చూడరు.

---

కర్నూలు_రైడర్ | రాత్రి 9:05

మా బంకులో కల్తీ ఉందేమోనని అనుమానం. ఇంట్లో చూసుకునే దారి ఉందా? డెన్సిటీ చూస్తే ఆక్టేన్ తెలుస్తుందా?

---

కాకినాడ_కార్బ్ | రాత్రి 9:47

డెన్సిటీతో ఆక్టేన్ తెలియదండి. ప్రమాణం ప్రకారం 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఎక్కడున్నా సరే. బంకులో రాసిన డెన్సిటీకీ, కొలిచి 15 డిగ్రీలకు లెక్కగట్టిన దానికీ 3 కంటే ఎక్కువ తేడా ఉంటే అప్పుడు అనుమానించాలి.

కిరోసిన్‌కు ఫిల్టర్ పేపర్ పరీక్ష. బంకు వాళ్ళ దగ్గర పేపర్ ఉండాలి, అడిగితే ఇవ్వాలి. నాజిల్ మూతిని తుడిచి ఒక చుక్క పేపర్ మీద వేయండి. మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలదు. జిడ్డు మరక మిగిలితే కిరోసిన్‌నో డీజిల్‌నో అనుమానించండి. కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ, కొద్దిగా కలిసినా నాకింగ్ మొదలవుతుంది.

ఇథనాల్ ఎంతుందో చూడటం తేలిక. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీ తీసుకుని 10 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళు పోయండి, పైన 90 పెట్రోల్. మూత పెట్టి నిమిషం ఊపి, మూత వదులు చేసి గాలి వదలండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది. కింది పొర 28 దగ్గర ఆగితే 18 మిల్లీలీటర్లు ఇథనాల్, అంటే 90లో 20 శాతం. ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు, స్విచ్చులు ఉండకూడదు. ఆ పెట్రోల్ తిరిగి ట్యాంకులో పోయకండి.

ఆక్టేన్‌కూ దీనికీ ముడి ఇక్కడుంది. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్ళు చేరితే సరిగ్గా జాడీలో జరిగినట్టే లోపల జరుగుతుంది. ఇథనాల్ నీటితో కలిసి అడుక్కి పోతుంది. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్ పడిపోతుంది. నిన్నటి దాకా బాగున్న బండి వాన తర్వాత కొట్టుకుంటుంటే, స్టార్టింగ్ ఇబ్బంది కూడా ఉంటే, ట్యాంకు మొత్తం ఖాళీ చేయడమే మార్గం. మీద 95 పోసి పలచన చేస్తే సరిపోదు.

---

గుంటూరు_క్లచ్ | రాత్రి 10:15

ఆక్టేన్ పెంచడానికి ట్యాంకులో కలరా ఉండలు వేస్తే పనిచేస్తుందంటారు. మా దగ్గర చాలా మంది వేస్తున్నారు.

---

వాల్వ్_క్లియరెన్స్ | రాత్రి 10:31

దయచేసి వేయకండి, వేసేవాళ్ళను చూస్తే ఆపండి. కలరా ఉండల్లో సాధారణంగా ఉండే నాఫ్తలీన్‌కు ఆక్టేన్ ఎక్కువే, ఆ నమ్మకం అక్కడి నుంచి పుట్టింది. కానీ పెట్రోల్ ఆవిరైన చోటల్లా అది మళ్ళీ గడ్డకడుతుంది. బండి పది రోజులు కదలకుండా ఉంటే జెట్‌లో, ఇంజెక్టర్ మొనలో తెల్లటి పలుకులు చేరతాయి. పైగా బజారులో అమ్మే ఉండలన్నీ నాఫ్తలీన్ కావు, కొన్నిట్లో క్లోరిన్ ఉన్న పదార్థం ఉంటుంది. అది కాలితే యాసిడ్ పుట్టి వాల్వులనూ సైలెన్సర్‌నూ తింటుంది.

సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్ల సంగతి కూడా చెబుతాను. లేబుల్ మీద 10 పాయింట్లు పెరుగుతుందని ఉంటే ఆక్టేన్ 91 నుంచి 101 అవుతుందనుకుంటారు. ఆ వ్యాపారంలో చాలా చోట్ల ఒక పాయింట్ అంటే 0.1. అంటే 91 కాస్తా 92 అవుతుంది.

---

మార్కాపురం_200 | సెప్టెంబర్ 20, సాయంత్రం 5:12

చెప్పిన వరసలోనే చూశాను. కూలెంట్ కింది గీత కంటే తక్కువ ఉంది, పోశాను. రేడియేటర్ కడిగాను. ప్లగ్గులు: మధ్యది లేత గోధుమ రంగులో ఉంది. ఎడమ పక్కది కూడా అంతే. కుడి పక్క ప్లగ్ నల్లగా, తడిగా ఉంది, పెట్రోల్ వాసన వస్తోంది. మధ్య ప్లగ్ తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు కనిపించాయి. అవేంటి?

---

వాల్వ్_క్లియరెన్స్ | సాయంత్రం 6:40

తడిగా ఉన్న ప్లగ్‌లో స్పార్క్ పడట్లేదు. నేననుకున్నది అదే. వెంటనే కొత్త ప్లగ్ కొనకుండా కుడి వైపు క్యాప్, వైరు, కాయిల్ చూడండి. మంచి ప్లగ్‌ని ఆ క్యాప్‌లో పెట్టి లోహం భాగం ఇంజిన్‌కు తగిలించి, సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూడండి. విప్పిన ప్లగ్ రంధ్రాల దగ్గర మాత్రం చేయకండి, పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. మిగతా రంధ్రాలు మూసి ఉంచండి. ఈ బండ్లలో పక్క ప్లగ్ క్యాప్‌లోకి వాన నీళ్ళో, సర్వీసింగ్‌లో ప్రెషర్ వాష్ నీళ్ళో దిగి లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టడం మామూలే.

నల్ల చుక్కలు నాకింగ్ సాక్ష్యం. నాకింగ్ అల పింగాణీని కొట్టినప్పుడు అలా పడతాయి. నల్లగా ఉంటే ఇంకా భయం లేదు. అవే చుక్కలు వెండిలా మెరుస్తుంటే అది పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం, ఆ దశలో ఇంజిన్ విప్పి పిస్టన్ అంచులు, రింగుల గాడులు చూడక తప్పదు. మీది ఆ దాకా రాలేదు.

కొత్త ప్లగ్ వేసేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న నంబరే అడగండి. దుకాణంలో అది లేదని పక్క నంబర్ ఇస్తారు. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబర్ పెరిగే కొద్దీ ప్లగ్ చల్లన (మొన వేడిని త్వరగా వదిలేసేది), బాష్‌లో నంబర్ తగ్గే కొద్దీ చల్లన. ఒక కంపెనీ లెక్కలో ఆలోచించి ఇంకో కంపెనీది వేస్తే వేడి ప్లగ్ పడుతుంది. వేడి ప్లగ్ మొన ఎర్రబడితే స్పార్క్ కంటే ముందే మిక్చర్ అంటుకుంటుంది. అది ప్రీ ఇగ్నిషన్, దాన్ని 95 కాదు 100 పోసినా ఆపలేరు. పిస్టన్ మధ్యలో బొక్క పడేది దానివల్లే.

---

మార్కాపురం_200 | సెప్టెంబర్ 27, రాత్రి 8:03

క్యాప్ లోపల స్ప్రింగ్ పచ్చగా తుప్పు పట్టి విరిగి ఉంది. క్యాప్ మార్చాను, మూడు ప్లగ్గులూ కొత్తవి వేశాను. అదే ఘాట్, ఇద్దరం, మామూలు పెట్రోలే. నాలుగో గేర్ 3500లో పూర్తిగా తిప్పితే ఒకటి రెండు సార్లు సన్నగా వినిపించింది. మూడో గేర్‌లో అసలు లేదు. ఇప్పుడు 95కి మారాలా?

---

పిస్టన్_రింగ్ | రాత్రి 8:50

అవసరం లేదు. ఎక్కుడులో ఆ గేర్‌లో, ఆ ఆర్‌పీఎంలో పూర్తిగా తిప్పకుండా ఒక గేర్ దిగండి, అంతే. మే నెలలో 44–45 డిగ్రీల్లో, సామానుతో, ఇద్దరితో ఘాట్ ఎక్కాల్సి వస్తే ఆ ఒక్క ట్యాంకుకు 95 పోయడం మంచి పనే. గాలి వేడెక్కితే ఆక్టేన్ అవసరం పెరుగుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ తగ్గుతుంది, గాలి పల్చనై సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. లేహ్ వెళ్ళేవాళ్ళు పైన 95 దొరకదని డబ్బాల్లో మోసుకుపోవాల్సిన పని లేదు.

రోజూ వాడకానికి లెక్క చూసుకోండి. నెలకు 1000 కిలోమీటర్లు, 35 మైలేజీ అంటే 29 లీటర్లు. లీటరుకు 8 రూపాయలు ఎక్కువైతే నెలకు 230, ఏడాదికి 2,760. ఆ డబ్బుతో కూలెంట్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ అన్నీ వేళకు మార్చచ్చు, నాకింగ్‌కు వాటితోనే ఎక్కువ మేలు.

95 వల్ల మీ బండికి తేడా ఉందో లేదో తేల్చుకోవాలనుంటే కలగాపులగంగా చూడకండి. ట్యాంకు రిజర్వ్‌కు వచ్చాక కొట్టించండి. ఆక్టేన్ దాదాపు పాళ్ళ లెక్కన కలుస్తుంది: ట్యాంకులో 4 లీటర్ల 91 ఉండగా 6 లీటర్ల 95 పోస్తే మీకు వచ్చేది 93.4, 95 కాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక అదే ఎక్కుడు, అదే గేర్, అదే బరువు, వీలైతే అదే పూట. హెల్మెట్ అద్దం మూసి ఉంటే సన్నటి నాకింగ్ వినపడదు. గోడ పక్కగానో కొండ అంచు పక్కగానో పోయేటప్పుడు శబ్దం తిరిగొచ్చి బాగా తెలుస్తుంది.

---

నల్లగొండ_బుల్లెట్ | రాత్రి 9:20

నాది పాత కాస్ట్ ఐరన్ 350, పాయింట్ల బండి. కంప్రెషన్ 6.5 అన్నరు. మరి గది ఎందుకు కొట్టుకుంటది ఎండల?

---

కాకినాడ_కార్బ్ | రాత్రి 9:58

దానికి ఆక్టేన్ కొరత ఉండదండి, 6.5కి 91 ఎక్కువే. పాయింట్లు అంటే స్పార్క్ పడే వేళను నిర్ణయించే చిన్న స్విచ్; వాటి గ్యాప్ చూడండి, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది, అదే నాకింగ్. గ్యాప్ సరిచేశాక టైమింగ్ మళ్ళీ చూడాలి, గ్యాప్ మారిస్తే టైమింగ్ కదులుతుంది కాబట్టి వరస తిరగేయకూడదు. ఆటో అడ్వాన్స్ (వేగం పెరిగే కొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేది) స్ప్రింగులు సాగిపోయినా తక్కువ ఆర్‌పీఎంలోనే పూర్తి అడ్వాన్స్ వచ్చేస్తుంది. చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. ఆ తర్వాత ఇన్‌టేక్ దగ్గర గాలి లీకు, మెయిన్ జెట్. పాత పెట్రోల్ పైపు, ఫ్లోట్ నీడిల్ రబ్బరు మొన కూడా ఈ20 తట్టుకునేవి వేయించండి. పాత రబ్బరు ఉబ్బితే పెట్రోల్ సరిగా దిగక మిక్చర్ ఇంకా పల్చనవుతుంది.

---

గుంటూరు_క్లచ్ | రాత్రి 10:11

ఆర్‌ఎక్స్100కి కూడా ఇదేనా?

---

కాకినాడ_కార్బ్ | రాత్రి 10:30

మామూలు పెట్రోలే చాలండి. దాని కార్బురేటర్‌లో ఎయిర్ స్క్రూ ఉంటుంది, లోపలికి బిగిస్తే చిక్కన. టూ స్ట్రోక్‌కు పల్చన మిక్చర్ మరీ ప్రమాదం, పెట్రోల్ తగ్గితే లోపల చల్లదనమూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. హెడ్ విప్పి కార్బన్ గీకించండి, ఆ మందం వల్లే కంప్రెషన్ పెరిగి నాకింగ్ మొదలవుతుంది. ఆయిల్ పంపు కేబుల్ గుర్తు సరిగ్గా కలుస్తోందో చూసుకోండి. ట్యాంకులో నేరుగా ఆయిల్ కలిపే అలవాటుంటే ఇథనాల్‌తో కలిసే రకం ఆయిలే తీసుకోండి, లేకపోతే బండి నిలబెట్టినప్పుడు ఆయిల్ విడిపోయి అడుక్కి చేరుతుంది.